తండ్రి పట్టమా, భర్త పట్టమా?



మోటుపల్లి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. కాకతీయుల కాలంలో మాత్రం దూరదేశాల ఓడలు వచ్చి ఆగే పెద్ద రేవు. 13వ శతాబ్దం చివరి రోజుల్లో ఇటలీలోని వెనీసు నగరానికి చెందిన మార్కోపోలో అనే వ్యాపారి చైనా నుంచి తిరిగి వెళ్తూ ఈ తీరపు సంగతులు తెలుసుకున్నాడు. ఇక్కడ ఒక రాణి పాలించిందని, ఆమె న్యాయం తప్పని మనిషి అని, ప్రజలకు ఆమె అంటే ఎంతో ప్రేమ అని తన గ్రంథంలో చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు.

అయితే మార్కోపోలో ఒక్క విషయంలో పొరబడ్డాడు. రాజు చనిపోతే అతని భార్య రాజ్యం చేసిందని రాశాడు. రుద్రమ గణపతిదేవుని భార్య కాదు, కూతురు. ఆమెకు పట్టం వచ్చింది తండ్రి నుంచి, భర్త నుంచి కాదు.

ఈ పొరపాటు చిన్నదే. కాని దాని గురించి ఆలోచించినకొద్దీ మాకు ఒక ప్రశ్న పుట్టింది. స్త్రీ సింహాసనం మీద ఉందంటే అది భర్తదే అయ్యుంటుందని ఆ ఇటలీ మనిషికి ఎందుకు తోచింది? అతని దేశంలో కూతుళ్ళ సంగతి ఎలా ఉండేది? ఈ నెల ఆ విషయమే మీతో మాట్లాడాలనుకుంటున్నాం.

పేరు ఒకటే, దారులు మూడు

ఇటలీ అనగానే మనకు ఒకే దేశం గుర్తుకు వస్తుంది. 1861 వరకు అది ఒకే రాజ్యం కాదు. మన సంస్థానాల మాదిరిగా ఎన్నో చిన్నా పెద్దా రాజ్యాలు ఉండేవి. ఫ్లోరెన్సులో మెదీచీ వంశం, మాంటువాలో గొన్జాగా వంశం, మొదట ఫెరారాలోను ఆ తరువాత మోడెనాలోను ఎస్తే వంశం, ఉర్బీనోలో దెల్లా రోవెరే వంశం. ఇలా ఒక్కొక్క చోట ఒక్కొక్క కుటుంబం. పాలకునికి డ్యూక్ అనో, మార్క్విస్ అనో, కౌంట్ అనో ఒక బిరుదు ఉండేది. డ్యూక్ హోదాలో ఉన్న స్త్రీని డచెస్ అంటారు.

డచెస్ అనే పేరు వినడానికి ఒకటే. కాని అది స్త్రీకి మూడు దారుల్లో వచ్చేది. మొదటి దారి పెళ్ళి. డ్యూకును పెళ్ళాడితే డచెస్ అవుతుంది. ఇంటికోడలిగా గౌరవం దక్కుతుంది, అధికారం మాత్రం భర్తది. రెండవ దారి వైధవ్యం. భర్త చనిపోయి కొడుకు పసివాడైతే, వాడు పెద్దవాడయ్యేవరకు వాడి తరపున తల్లి పాలిస్తుంది. అధికారం ఉంటుంది, కాని అది అప్పు తెచ్చిన సొమ్ము లాంటిది. గడువు రాగానే కొడుక్కి అప్పజెప్పాలి. మూడవ దారి పుట్టుక. తండ్రి తరువాత కూతురే వారసురాలై తన పేరనే పాలించడం. ఈ మూడవ దారి చాలా ఇరుకైనది. ఇటలీలో ఆ దారిన నడిచినవారు కొద్దిమందే.

ఎందుకు ఇరుకైనది? ఆ రాజ్యాలలో చాలావాటికి పైన మరో యజమాని ఉండేవాడు. కొన్నిటికి జర్మనీ వైపు చక్రవర్తి, కొన్నిటికి రోములోని పోపు. వాళ్ళు ఇచ్చిన పట్టాతోనే డ్యూకు పాలించేవాడు. ఆ పట్టాలో మగసంతానానికి మాత్రమే అని రాసి ఉంటే కూతురు ఎంత తెలివైనదైనా లాభం లేదు. మగసంతానం లేకపోతే రాజ్యం తిరిగి పైవాడికి పోతుంది. దీని వెనుక ఉన్న భయం కొత్తది కాదు. కూతురికి ఇస్తే భూమి అల్లుడి వంశానికి పోతుందని భయం.

సంఖ్యాకాండము చదివినవారికి ఈ భయం తెలిసినదే. సెలోపెహాదుకు కుమారులు లేరు. అతని అయిదుగురు కుమార్తెలు మోషే ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యం తమకు కావాలని అడిగారు. అది న్యాయమని వారికి ఇప్పించడం 27వ అధ్యాయంలో చూస్తాం. అప్పుడు మనష్షే గోత్రపు పెద్దలు వచ్చి, వీళ్ళు వేరే గోత్రంలోకి కోడళ్ళుగా వెళ్తే మా భూమి ఏమవుతుందని అడగడం 36వ అధ్యాయంలో చూస్తాం. అక్కడ కూతుళ్ళ హక్కు కొట్టేయలేదు. తమ గోత్రంలోనే పెళ్ళి చేసుకొమ్మని ఒక షరతుతో హక్కు నిలబెట్టారు. యూరపు రాజవంశాలు చాలా చోట్ల ఇంత ఆలోచన చేయలేదు. కూతురి పేరు కొట్టేయడమే సులువనుకున్నాయి.

తన సంతకంలోనే సందేహం పెట్టిన స్త్రీ

మూడవ దారిన నడిచినవారిలో మొదట చెప్పవలసింది మటిల్డా గురించి. ఆమె 1046 ప్రాంతంలో పుట్టింది. తండ్రి బోనిఫాచో టస్కనీకి మార్క్విస్. 1052లో అతన్ని వేటలో ఉండగా చంపేశారు. కొద్దికాలానికి తోబుట్టువులు కూడా చనిపోయారు. ఇక మిగిలింది ఈ చిన్నపిల్ల ఒక్కతే. ముందు తల్లి బెయట్రిచే ఆస్తిని కాపాడుతూ వచ్చింది. 1076లో తల్లి కూడా పోయాక ఉత్తర ఇటలీలోను, మధ్య ఇటలీలోను ఉన్న విశాలమైన భూములన్నీ మటిల్డా చేతికి వచ్చాయి.

ఆ మరుసటి సంవత్సరం, 1077 జనవరిలో, జరిగిన సంగతి పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. పోపు ఏడవ గ్రెగరీకి, రాజు నాలుగవ హెన్రీకి గొడవ వచ్చింది. పోపు హెన్రీని సంఘం నుంచి వెలివేశాడు. క్షమాపణ కోరుతూ హెన్రీ మంచులో మూడు రోజులు ఒక కోట ముందు నిలబడ్డాడు. ఆ కోట పేరు కనోసా. అది ఎవరి కోట అన్నది చాలామందికి గుర్తుండదు. అది మటిల్డా కోట. లోపల పోపుకు ఆశ్రయం ఇచ్చింది ఆమే, బయట నిలబడిన రాజు తరపున మాట్లాడినవారిలోనూ ఆమె ఉంది.

ఇంత చేసిన ఆమెకు తన బిరుదు మీద పూర్తి ధీమా ఉండేదా అంటే, ఆమె సంతకం చూడాలి. పత్రాల మీద ఆమె తన పేరును సిలువ ఆకారం చుట్టూ నాలుగు ముక్కలుగా రాసేది. దాని అర్థం సుమారుగా ఇది: ‘మటిల్డా, ఆమె ఏమైనా అయితే అది దేవుని కృప వలన.’ ఇది వినయమే. అయితే మరో సంగతి కూడా ఉంది. తండ్రి ఫలానా చోటికి మార్క్విస్ అని రాయడానికి జంకలేదు. కూతురి హోదాను చక్రవర్తి ఒప్పుకుంటాడో లేదో తెలియదు. కాబట్టి ఏ మనిషీ కొట్టేయలేని మాట ఒకటి ఆమె రాసుకుంది.

1115లో ఆమె సంతానం లేకుండా చనిపోయింది. ఆమె భూముల కోసం పోపులూ చక్రవర్తులూ తరతరాలు తగవులాడుకున్నారు.

దక్షిణాన నేపుల్సు రాజ్యంలో మాత్రం కూతుళ్ళకు దారి కాస్త వెడల్పుగా ఉండేది. అక్కడ 1343లో మొదటి జొవాన్నా తాతగారి తరువాత రాణి అయింది. 1414లో రెండవ జొవాన్నా తమ్ముడి తరువాత రాణి అయింది. ఇద్దరూ తమ పేరనే పాలించారు. మిగిలిన ఇటలీకి అది ఆదర్శం కాలేదు.

ఒకే స్త్రీ, రెండు బిరుదులు

భర్త వలన వచ్చిన బిరుదుకు, తన పేర ఉన్న బిరుదుకు తేడా ఎంతో తెలియాలంటే ఫెరారా డచెస్ రెనే జీవితం చూడాలి. ప్రొటెస్టెంటు సంఘాల చరిత్రలో ఆమె పేరు తప్పక వస్తుంది.

రెనే పుట్టింది 1510లో, ఫ్రాన్సులో. తండ్రి పన్నెండవ లూయీ రాజు. తల్లి ఆన్, బ్రిటనీ ప్రాంతానికి తన సొంత హక్కుతో డచెస్. ఈ దంపతులకు మిగిలింది ఇద్దరు కూతుళ్ళే. ఫ్రాన్సు కట్టుబాటు ప్రకారం ఆడపిల్లకు కిరీటం రాదు. దీన్నే సాలిక్ చట్టం అంటారు. కిరీటం పెద్దకూతురు క్లోడ్ భర్తకు పోయింది. అతనూ ఆ వంశంలోని దూరపు దాయాదే. తనకు గడ్డం ఒక్కటి ఉండి ఉంటే ఈ ఫ్రాన్సువాళ్ళంతా తన ప్రజలై ఉండేవారని రెనే అనేదట. ఒక ఫ్రెంచి రచయిత ఈ సంగతి రాసిపెట్టాడు.

1528లో ఆమెను ఎస్తే వంశపు ఎర్కోలేకు ఇచ్చి పెళ్ళి చేశారు. అతను తరువాత ఫెరారా డ్యూకు అయ్యాడు. ఆమె డచెస్ అయింది. ఆ ఇంట్లో ఆమె ప్రొటెస్టెంటు బోధ విన్నవారికి చోటిచ్చింది. 1536లో జాన్ కాల్విన్ మారుపేరుతో ఆమె దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. ఆ తరువాత అతను చనిపోయేవరకు వాళ్ళ మధ్య ఉత్తరాలు నడిచాయి. కాని భర్తకు ఇది నచ్చలేదు. రోముకూ నచ్చలేదు. ఆమె పరిచారకులను ఒక్కొక్కరిని పంపించివేశారు. 1554లో విచారణ జరిపి, ఆమెను గదిలో నిర్బంధించి, కూతుళ్ళను ఆమెకు దూరం చేశారు. చివరకు ఆమె వారు చెప్పినట్టు పూజకు హాజరై, పాపపు ఒప్పుకోలు చేయవలసి వచ్చింది. ఆ ఊరికి ఆమె డచెస్. కాని తన గది తలుపు మీద కూడా ఆమెకు అధికారం లేకపోయింది.

1559లో భర్త చనిపోయాడు. 1560లో రెనే ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళింది. పెళ్ళినాడు తల్లిదండ్రుల వైపు హక్కులు వదులుకున్నందుకు బదులుగా ఆమె పేర కొన్ని భూములు ఇచ్చారు. వాటిలో మోంతార్జి అనే పట్నం, కోట ఉన్నాయి. అక్కడ ఆమె కోడలు కాదు, యజమానురాలు. మతకలహాలు చెలరేగినప్పుడు తరిమివేతకు గురైన ప్రొటెస్టెంటు కుటుంబాలు ఆ కోటలో తలదాచుకున్నాయి. ఆమె సొంత అల్లుడు గీజ్ డ్యూకు అవతలి పక్షానికి సేనాని. అతని తరపున సైనికులు వచ్చి, ఫిరంగులు పెడతామని బెదిరించినా ఆమె లోపలివారిని అప్పగించలేదు.

ఫెరారాలో ఆమెది పెద్ద బిరుదు, మోంతార్జిలో చిన్నది. పెద్ద బిరుదుతో ఆమె తన పనిమనుషులనైనా నిలబెట్టుకోలేకపోయింది. చిన్నదానితో వందలమందికి నీడ ఇచ్చింది. మొదటిది భర్త పేరు వలన వచ్చింది, రెండవది తన పేర రాసి ఉంది. తేడా అంతే.

పాలరాయి కొండల ఊరు

మైకలాంజెలో శిల్పాలు చెక్కిన తెల్లని పాలరాయి కరారా కొండల నుంచి వచ్చింది. కరారా, దాని పక్కన ఉన్న మాస్సా కలిసి ఒక చిన్న రాజ్యం. పటంలో వెతికితే గాని కనిపించదు. మూడవ దారిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి చోటు ఇటలీలో లేదని మాకు తోస్తుంది.

1519లో అక్కడి పాలకుడు మలాస్పీనా వంశపు ఆల్బెరీకో కొడుకులు లేకుండా చనిపోయాడు. కూతురు రిచ్చార్దా పాలనకు వచ్చింది. చక్రవర్తి ఐదవ చార్లెసు దగ్గర తన పేరనే పట్టా సంపాదించుకుంది. భర్త లోరెంజో చీబో ఆ పాలనలో తనకూ భాగం కావాలని పోరాడాడు. పెద్దకొడుకు జూలియో అంతకంటె దూరం వెళ్ళాడు. తల్లి బతికి ఉండగానే బలవంతంగా రాజ్యం లాక్కున్నాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. తరువాత ఒక రాజకీయ కుట్రలో పట్టుబడి 1548లో మిలన్ నగరంలో మరణశిక్షకు గురయ్యాడు. రిచ్చార్దా 1553లో చనిపోయేవరకు తన హక్కు వదులుకోలేదు. ఆ తరువాత రెండవ కొడుకు వచ్చాడు. తల్లి ఇంటిపేరును తన ఇంటిపేరుకు చేర్చుకుని చీబో మలాస్పీనా అని పిలిపించుకున్నాడు. కూతురికి ఇస్తే వంశం పేరు పోతుందని భయపడేవారు ఈ సంగతి గమనించాలి.

దాదాపు 180 ఏళ్ళ తరువాత అదే వంశంలో మళ్ళీ మగసంతానం లేకపోయింది. 1731లో తండ్రి చనిపోయేనాటికి మరియా తెరేసా ఆరేళ్ళ పిల్ల. ఆమె మాస్సాకు డచెస్, కరారాకు ప్రిన్సెస్ అయింది. ఆమె పెరిగేవరకు తల్లి పాలన చూసింది. 1741లో ఆమెను మోడెనా డ్యూకు కొడుకు ఎర్కోలేకు ఇచ్చారు. ఈ పెళ్ళిలో సుఖం లేదు. భర్త ఆదరణ కరువై చాలాకాలం విడిగానే బతికింది. అయినా తన రాజ్యం తనదే. 1769లో కరారాలో ఆమె లలితకళల విద్యాలయం స్థాపించింది. రాయి తవ్వే ఊళ్ళో శిల్పం నేర్పే బడి అది. ఈనాటికీ ఉంది.

ఆమెకు బతికి బట్టకట్టిన సంతానం ఒక్క కూతురే. పేరు మరియా బెయట్రిచే, 1750లో పుట్టింది. ఈ బిడ్డ విషయంలో చట్టం ఎంత విచిత్రమైనదో చూడండి. తండ్రిది మోడెనా, తల్లిది మాస్సా. రెండిటికీ మిగిలింది తనే. మోడెనా పట్టా మగవారికి మాత్రమే. కనుక ఆమెను ఆస్ట్రియా రాకుమారుడు ఫెర్డినాండుకు ఇచ్చి, మోడెనా ఆ అల్లుడికీ అతని సంతానానికీ చెందేలా పెద్దలు ఒప్పందం రాసుకున్నారు. తల్లి రాజ్యం మాస్సా మాత్రం 1790లో తల్లి పోగానే నేరుగా ఆమె పేరనే వచ్చింది.

మనిషి ఒక్కతే. తండ్రి రాజ్యంలో ఆమె కేవలం వంతెన, అల్లుడు నడిచి రావడానికి. తల్లి రాజ్యంలో ఆమె పాలకురాలు. మధ్యలో నెపోలియను సైన్యాలు వచ్చి అంతా ఊడ్చుకుపోయాయి. అతను ఓడిపోయాక మాస్సా మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. 1829లో చనిపోయేవరకు ఆమె దాన్ని పాలించింది. మోడెనాకు అప్పటికే డ్యూకుగా ఉన్న కొడుకు తల్లి తరువాత మాస్సాను కూడా కలుపుకున్నాడు.

రాజ్యం రాని ఇద్దరు ఆడపిల్లలు

ఇప్పుడు రాజ్యం రానివారి సంగతి. నిజానికి ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని ప్రేరేపించింది వీరే.

ఉర్బీనో డ్యూకుకు ఒక్కడే కొడుకు. ఆ కొడుకు 1623లో చనిపోయాడు. అప్పటికి అతని కూతురు విత్తోరియాకు ఒక ఏడాది దాటింది. ముసలి డ్యూకు 1631లో కన్నుమూశాడు. తొమ్మిదేళ్ళ మనుమరాలు ఒక్కతే మిగిలింది. ఉర్బీనో పోపు ఇచ్చిన రాజ్యం. మగవారు లేరు గనుక పోపు దాన్ని తిరిగి తీసుకున్నాడు. ఆ పిల్లకు మిగిలింది తాతగారి సొంత ఆస్తి, ఇంట్లోని వస్తువులు. ఆ వస్తువుల్లో ఏమున్నాయి? రఫాయేలు, తిత్సియానో, పియెరో దెల్లా ఫ్రాన్చెస్కా వంటి చిత్రకారుల పటాలు ఉన్నాయి. విత్తోరియాకు ఫ్లోరెన్సు పాలకుడు రెండవ ఫెర్డినాండో మెదీచీతో పసితనంలోనే సంబంధం ఖాయమైంది. ఆ పటాలన్నీ ఆమె వెంట ఫ్లోరెన్సు చేరాయి.

విత్తోరియా మనుమరాలు ఆనా మరియా లూయీసా. 1667లో పుట్టింది. 1691లో జర్మనీలోని ఒక పాలకునికి ఇచ్చి పెళ్ళి చేశారు. పిల్లలు లేరు. 1716లో భర్త పోయాక పుట్టింటికి తిరిగి వచ్చింది. పుట్టింట్లోనూ దీపం ఆరిపోయే పరిస్థితే. పెద్దన్న 1713లో సంతానం లేకుండా చనిపోయాడు. తమ్ముడు జాన్ గాస్తోనెకూ పిల్లలు లేరు. తండ్రి మూడవ కోసిమో ఆలోచించి, కొడుకు తరువాత కూతురు వారసురాలని 1713లో ఫ్లోరెన్సు పెద్దల సభ చేత తీర్మానం చేయించాడు. చక్రవర్తి ఆరవ చార్లెసు ఒప్పుకోలేదు. అది తన కింది రాజ్యమని, వారసుణ్ణి నిర్ణయించేది తానేనని అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అదే 1713లో అదే చక్రవర్తి తన వంశం కోసం ఒక శాసనం చేశాడు. కొడుకు లేకపోతే తన రాజ్యాలన్నీ కూతురికి రావాలని దాని సారాంశం. ఆ శాసనం బలం మీదే అతని కూతురు మరియా థెరీసా తరువాత ఆస్ట్రియాను 40 ఏళ్ళు ఏలింది. తన కూతురికి ఒక న్యాయం, పరాయివాడి కూతురికి ఒక న్యాయం.

1737 జూలైలో జాన్ గాస్తోనె చనిపోయాడు. మెదీచీ వంశంలో మగవారు ఇక లేరు. పెద్ద రాజ్యాలు ముందే మాట్లాడుకుని టస్కనీని లొరేన్ వంశపు ఫ్రాన్సిసుకు ఇచ్చేశాయి. అతను మరియా థెరీసా భర్తే. అప్పటికి ఆనా మరియా లూయీసాకు 70 ఏళ్ళు దగ్గరపడ్డాయి. ఆమెకు రాజ్యం లేదు, సైన్యం లేదు. కాని వంశపు సొంత ఆస్తికి ఆమే వారసురాలు. మూడు వందల ఏళ్ళుగా మెదీచీలు పోగుచేసిన పటాలు, విగ్రహాలు, గ్రంథాలు, నగలు అన్నీ ఆమెవే.

ఆమె స్థానంలో మరొకరుంటే ఏం చేసేవారు? అమ్ముకునేవారు. మాంటువా గొన్జాగాలు 1627 ప్రాంతంలో తమ పటాలను ఇంగ్లండు రాజుకు అమ్ముకున్నారు. మోడెనా డ్యూకు తన దగ్గరున్న మంచి పటాల్లో నూరు ఏరి 1740లలో జర్మనీలోని సాక్సనీ పాలకునికి అమ్మేశాడు. అవి చూడాలంటే ఇప్పటికీ డ్రెస్డెన్ వెళ్ళాలి.

ఆనా మరియా లూయీసా అమ్మలేదు. 1737 అక్టోబరు 31న కొత్త డ్యూకుతో ఒక ఒప్పందం రాయించింది. దాన్ని కుటుంబ ఒడంబడిక అంటారు. ఈ సంపదంతా కొత్త పాలకుడికీ అతని వారసులకూ ఇస్తున్నాననీ, అయితే ఏ ఒక్కటీ ఫ్లోరెన్సు దాటి పోరాదనీ అందులో షరతు. అందుకు కారణాలు కూడా రాయించింది. ఇవి రాజ్యానికి అలంకారం, ప్రజలకు ఉపయోగం, పరదేశులు చూడ్డానికి ఆశపడి వచ్చేవి.

ఆ చివరి మాట గమనించండి. యాత్రికులు వస్తారని, దాని వలన ఊరు బతుకుతుందని ఆ ముసలావిడ ముందే చూసింది. 1743 ఫిబ్రవరి 18న ఆమె చనిపోయింది. 1769లో ఉఫీజీ అనే ఆ చిత్రశాలను ప్రజలకు తెరిచారు. నేడు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవారు అక్కడ వరుస కట్టి నిలబడుతున్నారు. ఉర్బీనో నుంచి విత్తోరియా తెచ్చిన పటాలూ అక్కడ ఉన్నాయి. ఎంతో వెదికి డ్యూకు గద్దె ఎక్కించిన మగవారి పేర్లు ఫ్లోరెన్సులో చాలామందికి గుర్తులేవు. ఆమె చనిపోయిన రోజున మాత్రం ఆ ఊరు ఈనాటికీ ఆమెను తలుచుకుంటుంది.

ఈనాటి సంగతి

1946లో ఇటలీ ప్రజలు ఓట్లేసి రాజరికం వద్దనుకున్నారు. దేశమంతటికీ సంబంధించిన ఓటింగులో స్త్రీలు పాల్గొనడం అదే మొదటి ఏడు. 1948 రాజ్యాంగం బిరుదులను గుర్తించనని చెప్పింది. ఎవరైనా డచెస్ అని పిలిపించుకుంటే అది ఇంటి ముచ్చటే గాని చట్టంలో విలువ లేదు.

అయినా పాత వంశాలు తమ ఇంటి కట్టుబాట్లను పాటిస్తూనే ఉన్నాయి. 2016లో నేపుల్సు రాజవంశంలో ఒక శాఖ పెద్ద తమ ఇంట ఇక మొదటి బిడ్డే వారసత్వానికి అర్హురాలని, అది కొడుకైనా కూతురైనా సరేనని ప్రకటించాడు. అతనికి ఉన్నది ఇద్దరు కూతుళ్ళు. ఇటలీ ఆఖరి రాజు కొడుకు విత్తోరియో ఎమానుయేలె కూడా 2003లో పుట్టిన తన మనుమరాలు విత్తోరియా కోసం పాత సాలిక్ నియమాన్ని మారుస్తున్నట్టు 2020లో బయటపెట్టాడు. 2024లో అతను చనిపోయాడు. ఆ వంశంలోని మరో శాఖ ఈ మార్పును ఒప్పుకోవడం లేదు.

ఇది చదివి నవ్వుకునేవారు ఉంటారు. రాజ్యం ఉన్నన్నాళ్ళు కూతురికి హక్కు లేదన్నారు. రాజ్యం పోయి బిరుదు ఒట్టి మాటగా మిగిలాక హక్కు ఇస్తామంటున్నారు. అయినా ఆలస్యంగానైనా ఒక ఇంటి పెద్ద ఆడపిల్లను చూసి, నువ్వూ ఈ ఇంటి మనిషివే అని కాగితం మీద పెట్టడం చిన్న సంగతి కాదు.

మా ఇండ్లలోనూ, మీ ఇండ్లలోనూ డ్యూకులు లేరు. ఎకరమో, అరెకరమో, ఒక పెంకుటిల్లో ఉంటుంది. కాని ఇంటి పెద్ద మనసులో మెదిలే ప్రశ్న ఆ కోటల్లో మెదిలినదే. కూతురికి ఇస్తే పరాయిపాలు అవుతుందేమో అని. ఈ నెల మీకు చెప్పిన స్త్రీలను ఒకసారి మళ్ళీ తలుచుకోండి. రిచ్చార్దాకు ఇచ్చిన చోట వంశం పేరు నిలిచింది. మరియా తెరేసాకు ఇచ్చిన చోట బడి లేచింది. రెనే పేర రాసిన కోట నిరాశ్రయులకు తలుపు తెరిచింది. ఇవ్వకుండా తోసేసిన ఆనా మరియా లూయీసా తన దగ్గర మిగిలినదాన్ని ఊరికే వదిలి వెళ్ళింది.

మీ ఇంట్లో కూతురు ఉంటే, ఇంటి కాగితాల్లో ఆమె పేరు ఎక్కడ ఉందో ఒకసారి చూసుకోండి. భర్త పేరు పక్కన ఉందా, కొడుకు పేరు పక్కన ఉందా, లేక ఆమె పేరు ఆమెదిగానే ఉందా?

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.